చక్కెర, షుగర్, జాగరీ: ఒకే గులకరాయి

"షుగర్ అని ఎందుకంటారు, చక్కెర అనండి, అది మన మాట" అని తెలుగంటే ప్రాణం పెట్టేవాళ్లు తరచూ అంటుంటారు. తెలుగంటే నాకూ అంతే ఇష్టం, కానీ ఈ ఒక్క మాట దగ్గర ఆ వాదన నిలబడదు, ఎందుకంటే షుగర్, చక్కెర రెండూ ఒకే మాట. ఒకటి ఇక్కడే ఉండిపోయింది. ఇంకొకటి పారశీకం, అరబ్బీ, ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరి, ఇంగ్లీషువాళ్లతో పాటు మళ్లీ ఇక్కడికే వచ్చింది. దీనికి ఎదురుగా ఇంకో వర్గం ఉంది. "చూశారా, ప్రపంచం మొత్తానికి ఆ మాట ఇచ్చింది మనమే, అన్నీ సంస్కృతం నుంచే పోయాయి" అని వీళ్లు సంబరపడతారు. ఈ రెండు వర్గాలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటాయి గానీ లోపలి నమ్మకం ఇద్దరిదీ ఒకటే: మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే చాలు, అది ఎవరి సొత్తో, దాని అసలు అర్థం ఏమిటో తేలిపోతుందని. నేను దీనితో గట్టిగా విభేదిస్తాను. పుట్టుక తెలుసుకోవడం గొప్ప ఆనందం, కానీ మాటకు అర్థం ఇచ్చేది దాన్ని వాడేవాళ్లే, పుట్టిన చోటు కాదు. ఇది చూపించడానికి చక్కెర కన్నా మంచి మాట నాకు దొరకలేదు.

ముందు పుట్టుక సంగతే చూద్దాం. చక్కెరకు మూలమైన శర్కర అనే సంస్కృత పదానికి మొదట తీపితో సంబంధమే లేదు, అది రాయి. అథర్వవేదంలో ఒకచోట శర్కర, సికత, అశ్మ అని మూడూ వరసగా వస్తాయి, అంటే గులకరాళ్లు, ఇసుక, పెద్ద రాళ్లు. పాళీలో సక్ఖరా అంటే గులకరాయీ అవుతుంది, పెంకుముక్కా అవుతుంది, మనం తినే చక్కెరా అవుతుంది. ఆయుర్వేదంలో మూత్రనాళంలో పుట్టే రాయిని అశ్మరి అంటే, అది చితికి రవ్వల్లా పడేదాన్ని శర్కర అంటారు. అంటే వైద్యుల భాషలో పాత అర్థం చెక్కుచెదరకుండా మిగిలింది.

రాయికి పెట్టిన పేరు తీపికి ఎలా అంటుకుంది? చెరకురసాన్ని కాచడం తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. రసం కాగుతూ చిక్కబడి పాకం అవుతుంది, ఇంకా కాచి ఆరబెడితే ముద్ద అవుతుంది, అదే బెల్లం. అక్కడితో ఆపకుండా పాకంలోంచి పలుకులు విడిపోయేలా చేసి, అంటుకున్న జిగురు నీళ్లను వడగట్టేస్తే మిగిలేది చేతిలో గరగరలాడే గులక. అర్థశాస్త్రంలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని ఒక వరస ఉంది, జారే పాకం దగ్గర మొదలై గట్టి పలుకు దగ్గర ఆగుతుంది. ఈ పేర్లు పెట్టినవాళ్లు రుచి చూసి పెట్టలేదు. అన్నీ తీపే కదా, రుచిని బట్టి విడదీయడం కుదరదు, అందుకే చేతికి ఎలా తగిలితే అలా పేరు పెట్టారు. ఖండం అంటే ముక్క, శర్కర అంటే గులక.

తెలుగువాళ్లూ అచ్చం ఇదే పని చేశారు, ఎవరూ నేర్పకుండానే. పటికబెల్లం అనే మాట చూడండి: పటికలా గాజుముక్కల్లా మెరుస్తుంది కాబట్టి పటికబెల్లం. కలకండ అనేది తమిళం కల్కండుకు దగ్గరి మాట, అందులో కల్ అంటే రాయి, కండ అంటే ఆ ఖండమే. పలుకు అనే మన మాట సంగతి ఇంకా బాగుంటుంది. పంచదార పలుకు అంటే చిన్న రవ్వ, చిలక పలుకు అంటే మాట. ఒక భాష చిన్న ముక్కకూ నోటి మాటకూ ఒకే పేరు పెట్టుకుంది. దీని మీద సిద్ధాంతం ఏదీ కట్టను గానీ, చెప్పకుండా దాటిపోవడానికి మనసు ఒప్పుకోలేదు.

ఇక ప్రయాణం. అలెగ్జాండర్ నౌకాదళాన్ని నడిపిన నియార్కస్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇటు వచ్చినప్పుడు, ఇక్కడ తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే రెల్లు ఉందని రాశాడు. అది చెరకే. కానీ దానికి అతని దగ్గర కొత్త మాటేమీ లేదు, తెలిసిన తేనెతోనే సరిపెట్టుకున్నాడు. క్రీ.శ. 1వ శతాబ్దానికి పరిస్థితి మారింది. ఎర్ర సముద్రం, అరేబియా సముద్రాల వ్యాపారం గురించి గ్రీకులో రాసిన పెరిప్లస్‌లో, బరుకచ్ఛం (ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్) వైపు నుంచి ఆఫ్రికా తీరానికి వెళ్లే సరుకుల్లో రెల్లు నుంచి తీసే తేనె ఒకటుందని, దాన్ని సాక్ఖరి అంటారని ఉంది. అదే శతాబ్దపు వైద్యుడు డయోస్కోరిడీస్ అది ఉప్పులా ఉంటుందని, పళ్ల కింద పటపటలాడుతుందని రాశాడు. చెరకును చూసినప్పుడు రాని మాట పలుకు చేతికి అందాక వచ్చింది. అంటే ఆ మాట ప్రయాణం చేసింది మొక్కతో కాదు, దాన్నుంచి పలుకు తీసే పనితనంతో. నా వాదనలో ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, ఎందుకంటే గర్వపడదలుచుకుంటే పడాల్సింది ఇక్కడ, ఆ పాకం కాచిన చేతుల గురించి. చెరకు మొక్కను మొదట సాగులోకి తెచ్చింది కూడా ఇక్కడ కాదు, న్యూగినీలో.

"అన్నీ సంస్కృతం నుంచే" అనేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇంకోటుంది. గ్రీకు సాక్ఖరి, పారశీకం షకర్, అరబ్బీ సుక్కర్, మన చక్కెర, మరాఠీ సాఖర్, వీటిలో ఎక్కడా సంస్కృతంలోని 'ర్క' కనపడదు. ప్రాకృతంలో అది సక్కర అయిపోయింది. గ్రీకు వర్తకుడు విన్నది రేవులో మూటలు ఎత్తేవాళ్ల నోటి నుంచి, బేరం ఆడేవాళ్ల నోటి నుంచి, వాళ్లు పండితుల ఉచ్చారణ పలకరు కదా. ప్రపంచం చుట్టిన మాట సంతలోది. వ్యాకరణ పుస్తకాల్లో దీన్ని తద్భవం అని, మూలం నుంచి దిగజారిన రూపం అన్నట్టు చిన్నచూపుతో చెప్పే అలవాటు ఉంది. ఆ చిన్నచూపు నాకు బాధ కలిగిస్తుంది. సముద్రాలు దాటింది ఆ 'దిగజారిన' రూపమే.

అక్కడి నుంచి రెండు దారులు చీలాయి. గ్రీకు రూపం లాటిన్‌లో సాక్కరమ్‌గా పండితుల దగ్గర ఉండిపోయి, 1753లో లిన్నేయస్ చెరకుకు సాక్కరమ్ అఫిసినారమ్ అని పేరు పెట్టినప్పుడు మొక్క పేరయింది. పలుకుకు పెట్టిన పేరు మొక్కకు ఎక్కింది. మన కవులు మన్మథుణ్ని చెరకు విల్లు పట్టినవాడని చెప్పడానికి చక్కెరవిలుకాడు అన్నప్పుడు జరిగింది కూడా ఇదే. అరబ్బీ రూపం రెండో దారి పట్టింది. అరబ్బులు స్పెయిన్‌లో, సిసిలీలో చెరకు నాటారు, మాట కూడా అక్కడ వేరు పట్టుకుంది. స్పానిష్‌లో అథూకార్ అంటారు, ముందున్న ఆ 'అ' అరబ్బీలో మాటలకు ముందు తగిలించే 'అల్' తునక. ఇటాలియన్‌లో జుక్కెరో, ఫ్రెంచిలో స్యూక్ర్, జర్మన్‌లో త్సుకర్, ఇంగ్లీషులో షుగర్. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీవాళ్లు సుకారి అన్నారు. టర్కీవాళ్ల షెకెర్ పారశీకం షకర్ నుంచి వచ్చింది. రష్యన్ సాఖర్ మాత్రం గ్రీకు దారిలోనే పోయింది. 1747లో బెర్లిన్‌లో మార్గ్రాఫ్ బీట్ దుంపలో ఉన్నదీ అదే పదార్థమని కనిపెట్టాక, చెరకుతో సంబంధమే లేని దుంప సరుకుకు కూడా ఈ పేరే పెట్టుకున్నారు. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఫాల్‌బర్గ్ తారు నుంచి వచ్చే రసాయనాలతో పని చేస్తుండగా బయటపడ్డ సాకరిన్ అసలు చక్కెరే కాదు, కానీ పేరు మాత్రం దాని నుంచే తీసుకుంది.

చైనా కథ వేరు, నాకు చాలా ఇష్టమైనది. తాంగ్ చక్రవర్తి తైజోంగ్ 647లో పాకం కాచే పద్ధతి నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్ని పంపాడని వాళ్ల చరిత్రలు చెబుతాయి. దున్‌హువాంగ్‌లో దొరికిన ఒక రాతప్రతిలో శర్కరను ధ్వని చెడకుండా చైనా అక్షరాల్లో రాసుకున్నారని చైనా పండితుడు జి షియాన్‌లిన్ గుర్తుపట్టాడు. కానీ జనం నోట్లో ఆ మాట నిలవలేదు. తీపి పదార్థానికి తమకున్న తాంగ్ అనే సొంత మాటకే (రాజవంశం పేరు వేరు) ఇసుక అనే మాట చేర్చి షాతాంగ్ అన్నారు, అదే జపాన్‌లో సతో అయింది. మన దగ్గర గులక, వాళ్ల దగ్గర ఇసుక. మరి చైనావాళ్లు నేర్చుకున్న విద్య అక్కడితో ఆగలేదు, తెల్లగా శుద్ధి చేయడంలో వాళ్లు ఎంత ముందుకు పోయారంటే, ఉత్తర భారతంలో తెల్ల చక్కెరకు ఈరోజుకీ పేరు చీనీ, అంటే చైనాది. పటికబెల్లానికి పేరు మిస్రీ, అంటే మిస్ర్‌ది, ఈజిప్టుది. శర్కర పుట్టిన నేల మీదే మంచి రకాలకు పరాయి దేశాల పేర్లు పెట్టుకున్నారు మన పూర్వీకులు. వాళ్లకు లేని బెంగ మనకెందుకు? రాయలసీమలో అదే చీనీ అనే మాటకు బత్తాయి అని అర్థం. పేరొకటే, ఒకచోట పొడి, ఇంకోచోట పండు.

సొత్తు సంగతి పక్కన పెట్టి అర్థం సంగతికి వస్తే గందరగోళం ఇంకా పెరుగుతుంది. మలయాళంలో శర్కర అంటే బెల్లం. పంచదార కావాలంటే పంచసార అనాలి, మన పంచదారకు అది తోబుట్టువు. పంజాబీలో షక్కర్ అంటే పొడి బెల్లం. గుజరాతీలో సాకర్ అంటే పటికబెల్లం, పంచదార కావాలంటే ఖాండ్ అనాలి. మరాఠీలో సాఖర్ అంటే పంచదార. మన చక్కెరపొంగలిలో పడేది బెల్లం, తమిళంవాళ్ల సర్కరై పొంగల్‌లోనూ అంతే, ఎందుకంటే ఆ పేరు పుట్టిన రోజుల్లో ఇక్కడ ఆ మాటకు బెల్లమూ ఒక అర్థమే. సముద్రం దాటి మలయా, ఇండోనేషియా వైపు వెళితే తల్లకిందులు: సంస్కృతంలో బెల్లానికున్న గుడ అనే మాట అక్కడ గులా అయింది, దాని అర్థం చక్కెర. ఒకచోట బెల్లం మాటకు చక్కెర అర్థం, ఇంకోచోట చక్కెర మాటకు బెల్లం అర్థం. ఇప్పుడు "అసలు" అర్థం ఏది? అసలుదే కావాలంటే గులకరాయి, అది ఎవరూ నోట్లో వేసుకోరు.

బెల్లానికి ఇంగ్లీషులో వాడే జాగరీ మాట కూడా ఇదే వంశం. కేరళ తీరంలో పోర్చుగీసువాళ్లు శర్కర అనో చక్కర అనో విని జాగర అన్నారు, అది ఇంగ్లీషులో జాగరీ అయింది. అంటే ఇంగ్లీషులో షుగర్, జాగరీ రెండూ ఒకే తల్లి పిల్లలు, రెండు రేవుల నుంచి రెండు కాలాల్లో ఓడెక్కినవి. ఇప్పుడు ఆరోగ్యం గురించి చెప్పేవాళ్లు "షుగర్ మానేసి జాగరీ వాడండి" అంటారు. పుట్టుక ప్రకారం చూస్తే దాని అర్థం "శర్కర మానేసి శర్కర వాడండి" అని. పదార్థం ప్రకారం చూసినా పెద్ద తేడా లేదు, బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. దీని సంగతి కాసేపట్లో మళ్లీ చెప్తాను.

ఈ ప్రయాణంలో మనవాళ్లు పెద్దగా తలుచుకోని ఒక మలుపు ఉంది. యూరపువాళ్లకు ఈ తీపి మీద ఆశ పెరిగాక బ్రెజిల్‌లో, కరీబియన్ దీవుల్లో చెరకు తోటలు వేశారు, ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చి ఆ తోటల్లో చంపుకు తిన్నారు. బానిసత్వం రద్దయ్యాక ఒప్పందకూలీల పేరుతో ఇక్కడి వాళ్లను ఓడలెక్కించారు: మారిషస్‌కు 1834 నుంచి, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి, ఫిజీకి 1879 నుంచి. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో వాళ్లను కోరంగివాళ్లు అనేవారు. ఇంట్లో చక్కెర అని పిలిచే మనుషులు, ఫ్రెంచి స్యూక్ర్ నుంచి అక్కడి క్రియోల్‌లో తయారైన 'దిసిక్' అనే మాట వినిపించే తోటల్లో చెరకు నరికారు. ఆ రెండూ ఒకే మాటని వాళ్లకు ఎవరు చెప్తారు, చెప్పినా ఎండలో కత్తి పట్టుకున్నవాడికి దానివల్ల ఒరిగేదేమిటి? "ప్రపంచానికి ఆ మాట ఇచ్చింది మనమే" అనే వాక్యం చదివినప్పుడల్లా నాకు వీళ్లే గుర్తొస్తారు. మాటకు యజమాని కావడం వల్ల సరుకుకు యజమాని కాలేదు ఎవరూ. ఆ మాట గర్వంగా చెప్పుకునేటప్పుడు కోరంగి ఓడల్ని వదిలేసి చెప్పడం అన్యాయం అని నా అభిప్రాయం.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం. "షుగర్ అనకండి, చక్కెర అనండి" అనే సలహాను నిజంగా పాటించి చూడండి. "ఆయనకు షుగర్ ఉంది" అనే వాక్యాన్ని "ఆయనకు చక్కెర ఉంది" అని మారిస్తే ఎవరికైనా అర్థమవుతుందా? తెలుగులో ఈ రెండు మాటలూ ఒకే పని చేయడం మానేసి చాలా కాలమైంది. చక్కెర, పంచదార అనేవి వస్తువు. షుగర్ ఎక్కువగా జబ్బు, లేదా రక్తపరీక్షలో వచ్చే అంకె. షుగర్ వచ్చింది, షుగర్ పెరిగింది, షుగర్ డౌన్ అయ్యి కళ్లు తిరిగాయి, షుగర్ మాత్రలు వేసుకున్నావా. ఇది భాష పాడవడం కాదు, ఒకే మాట రెండు రూపాల్లో దొరికితే జనం రెండిటికీ చెరో పని అప్పగించుకున్నారు. తెలివైన పని.

పైగా ఇది తెలుగువాళ్లు ఒక్కళ్లే చేసిందీ కాదు. టర్కీలో "షెకెరి వార్" అంటే అతనికి చక్కెర ఉంది, అంటే డయాబెటిస్ ఉంది అని. జర్మన్‌లో వాడుకగా "ఎర్ హాట్ త్సుకర్" అన్నా అదే అర్థం. అరబ్బీలో ఆ జబ్బు పేరు సుక్కరీ, స్వాహిలీలో కిసుకారి, తమిళంలో "అవరుక్కు సర్కరై ఇరుక్కు". గులకరాయిగా మొదలైన మాట ఇన్ని భాషల్లో ఒక జబ్బు పేరుగా స్థిరపడింది. 1776లో ఇంగ్లండు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ఒక రోగి మూత్రాన్ని ఇగరబెట్టి, మిగిలిన తెల్లటి రవ్వ చక్కెరలాగే ఉందని, రుచికీ తేడా లేదని రాశాడు. మూత్రంలో శర్కర అంటే రాళ్లు అనుకున్న పాత వైద్యం ఒకవైపు, మూత్రంలో పలుకు కట్టిన తీపి శర్కర ఇంకోవైపు. ఈ మాటకున్న రెండు అర్థాలూ ఒకే చోట కలుసుకోవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

కానీ ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. షుగర్ అంటే చక్కెరే కాబట్టి, షుగర్ జబ్బు చక్కెర తినడం వల్ల వచ్చేది, చక్కెర మానేస్తే పోయేది అని చాలామంది నమ్ముతారు. మాట పుట్టుక వాళ్లను అటు లాగుతోంది. "పంచదార ముట్టుకోవట్లేదు, అంతా బెల్లమే, అయినా షుగర్ తగ్గట్లేదు" అని నిజంగా అయోమయపడే మనుషులున్నారు. టీలో తేనె వేసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. రక్తంలో కొలిచేది గ్లూకోజ్. అది బెల్లం నుంచీ వస్తుంది, తేనె నుంచీ వస్తుంది, తీపే లేని అన్నం నుంచి, రొట్టె నుంచి కూడా వస్తుంది. ఏ చక్కెరా వేయని భోజనం తర్వాత కూడా ఆ అంకె పెరుగుతుంది. డబ్బా మీద షుగర్ ఫ్రీ అని రాసి ఉంటే అందులో పంచదార లేదని మాత్రమే అనుకోవాలి, మైదా సంగతి ఆ మాట చెప్పదు. నడుస్తున్న మాటను మధుమేహంతో మార్చినంత మాత్రాన ఈ అయోమయం పోదు, అందులోనూ మధువు, అంటే తేనె ఉంది, తేనె మానేస్తే చాలు అనుకుంటారు. చేయాల్సింది ఈ మాటకు ఇప్పుడున్న అర్థాల్ని విడదీసి చెప్పడం. చికిత్స చేసేవాళ్లు రోగితో ఒక్కసారి "మేం షుగర్ అనేది నువ్వు టీలో వేసుకునేది కాదు, నీ తిండి అరిగాక రక్తంలో చేరేది" అని చెప్తే ఎంతో మేలు జరుగుతుంది.

నిఘంటువుల మీద కూడా నాకు ఇదే కోపం. చక్కెర దగ్గర శర్కరకు తద్భవం అని రాసి, పని అయిపోయినట్టు వదిలేస్తారు. చక్కెరపొంగలిలో ఆ మాట బెల్లాన్ని ఎందుకు చెబుతోందో అక్కడ రాయాలి. షుగర్‌ను ఇంగ్లీషు మాట అని బయట నిలబెట్టకుండా దానికీ తెలుగు నిఘంటువులో సొంత ఆరోపం, అంటే పదంగా విడిగా ఒక చోటు, ఇవ్వాలి, ఈ వరసలో: 1. మధుమేహం. 2. రక్తంలో గ్లూకోజ్ మోతాదు, 'పొద్దున షుగర్ ఎంతుంది?' అన్నట్టు. 3. కొందరి వాడుకలో పంచదార.